మూడో విజిల్

మొన్న పొద్దున మా అమ్మ కుక్కర్లో కందిపప్పు పెట్టి, "మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్" అని స్నానానికి వెళ్లింది. ఒకటొచ్చింది. రెండోదీ వచ్చింది. ఆ తర్వాత వినిపించింది మాదా, పక్కింటివాళ్లదా? అపార్ట్‌మెంట్లో ఏడయ్యేసరికి వంటిళ్లన్నీ ఒక్కసారే కూస్తాయి మరి. నేను మూడన్నాను, నాన్న రెండే అన్నారు. ఇంతలో స్నానాలగదిలోంచి అమ్మ గొంతు.

"అది పైవాళ్లదిరా! మనది కాస్త బొంగురుగా కూస్తుంది."

కుక్కర్ సంగతి నేను బళ్లో చదువుకున్నదే. మూత బిగిస్తే ఆవిరి లోపలే చిక్కుకుని ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు అందులో దాదాపు 120 డిగ్రీల దాకా కాగుతాయి, పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లోనే ఇలాంటి పాత్ర తయారుచేశాడు. ఇవన్నీ తెలిసినా, మా కుక్కర్ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. అమ్మకు తెలుసు. మందలో తన దూడ అరుపును ఆవు పోల్చుకున్నట్టు, తలుపు అవతల నీళ్ల చప్పుడులో ఉండి కూడా పోల్చుకుంది. ఎన్నేళ్ల పొద్దులు ఆ పొయ్యి దగ్గర నిలబడితే వచ్చిన చెవి అది!

కాసేపటికి మూడోది వచ్చింది. బొంగురుగానే. నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశాం. ఆయనే లేచి స్టవ్ కట్టేశారు. పప్పు వెన్నలా ఉడికింది.