ఇల్లు వెంట తెచ్చుకొన్న అతిథి

ఇల్లు విడిచి బయలుదేరినవానిని యాత్రికుడందుము. ఇంటినే వెంటగొని పోవువానిని ఏమనవలెను? అతడొక ఊరి ముంగిట నిలిచినప్పుడు ఆ ఊరికి అతిథి యగునా, కాడా? ఇది వినోదమునకై వేసిన ప్రశ్న కాదు. స్కాట్లండు సముద్రతీరమందలి ప్రాచీన పట్టణములకు ఇది నేడు నిజమైన ధర్మసందేహము.

పడక, పొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి అన్నియు అమర్చిన మోటారు ఇండ్లలో జనులు ఆ తీరము వెంబడి సంచరించుచున్నారు. ఫైఫ్ ప్రాంతమున క్రెయిల్, పిట్టెన్‌వీమ్ అను రేవులు, 1413లో విశ్వవిద్యాలయము వెలసిన సెంట్ ఆండ్రూస్, దక్షిణమున ఐమత్ వారి మజిలీలు. ఆ ఊళ్ల పాత వీథులు కాలినడకకును గుఱ్ఱపు బండ్లకును ఏర్పడినవి. ఇల్లంత వాహనము వాని మలుపులలో ఇమడదు. కావున రేవుగట్టు సమీపమున, సముద్రమున కెదురుగా నిలుచును. 2003 నాటి భూసంస్కరణ చట్టము బాధ్యతతో మెలగువారికి అచటి కొండలందును తీరములందును సంచరించు హక్కు నొసగినది కాని, మోటారు వాహనములకు ఆ హక్కు వర్తింపదు.

యాత్రికుని పక్షమున చెప్పదగినది లేకపోలేదు. "నా అన్నము నేను వండుకొందును. నా పడకపై నేను నిద్రింతును. నేనెవరికిని భారము కాను" అని అతడనును. ఈ మాటలో బలమున్నది. ఆ తీరమున జాలరుల ఇండ్లు అనేకము ధనవంతుల సెలవు విడుదులుగా మారి, ఊరి యువకులకు ఇల్లు దొరకుట కష్టమైనది. మోటారు ఇంటివాడు ఎవరి కప్పును అపహరింపలేదు. వసతిగృహములలో దిగలేని వృద్ధులకును, స్వల్పధనులకును లోకము చూచు భాగ్యము దీనివలన కలుగుచున్నది. దీనిని నిందించుట న్యాయము కాదు.

అయినను, భారము కాకుండుట వేఱు, ఋణము లేకుండుట వేఱు.

1881 అక్టోబరు 14వ తేదీన ఆ తీరమును పెనుతుపాను ముంచెత్తినది. చేపలవేటకు వెడలిన వారిలో 189 మంది మరణించిరి. వారిలో 129 మంది ఐమత్ వారే. కొన్ని పడవలు రేవు వాకిటనే, ఒడ్డున నిలిచిన భార్యాబిడ్డలు చూచుచుండగనే, బ్రద్దలైనవి. ఆనాటి వితంతువులును బిడ్డలును సముద్రము వంక చూచుచున్నట్లు కంచుప్రతిమలను 2016లో అచట నెలకొల్పిరి. మోటారు ఇంటి కిటికీనుండి యాత్రికుడు చూచునదియు ఆ సముద్రమునే. వారికి అది శ్మశానము, అతనికి సుందరదృశ్యము. సౌందర్యమును చూచుట దోషము కాదు. కాని ఆ గట్టును కట్టి, ఆ దుఃఖమును భరించి, ఊరిని పాడుపడనీయక నిలిపినవారు లేకున్న అతనికి నిలుచుటకు చోటే లేదు. ఆ దృశ్యము తనకు ఒకరిచ్చినదని యెఱుగక దానిని అనుభవించుటయే లోపము.

ఈ ఋణము తీరు టెట్లు? నిలుపుటకు రుసుము చెల్లించుట, చెత్తను తొలగించుట కనీసధర్మములు. అంతటితో అతిథి కాడు. అన్నియు గలవాడు ఎవరిని ఏమియు అడుగడు. అడుగనివానికి ఎవరును ఏమియు చెప్పరు. రొట్టె కొనుటకై అంగడికి పోయినవానికి గాలి ఎటు మళ్లినదో తెలియును. త్రోవ అడిగినవానికి ఆ ప్రతిమలలోని స్త్రీ ఎవరి ముత్తవ్వయో తెలియవచ్చును. అక్కఱయే మనుష్యుని మనుష్యుని చెంతకు చేర్చును.

గృహస్థుడు అతిథికి చేయవలసిన దానిని గూర్చి మన పెద్దలు విస్తారముగా చెప్పిరి. గృహమును వెంట తెచ్చుకొన్న అతిథి చేయవలసినది అల్పమే: బయలుదేరునప్పుడు అలమరలో కొంత చోటు ఖాళీగా ఉంచుకొనుట. ఆ చోటును చేరిన ఊరు నింపవలెను.