సానుభూతి – బాధ్యత

ఎడ్లపాడులో కూర్చుని ఒక అన్యాయపు వార్తను సెల్‌ఫోనులో పదిమందికి పంపితే మన నైతిక బాధ్యత తీరుతుందా? తీరదనే నా వాదం. అట్లని ఆ పని నిష్ప్రయోజనమూ కాదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించినపుడు అతని చివరి లేఖను దేశం చేత చదివించినది ఈ సాధనమే. కాని చదివినవారు ఒకరికొకరు జవాబుదారులు కారు. రేపు మౌనం వహిస్తే అడిగేవారుండరు.

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. బాధితులు చెదరక నిలిచి, విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి సాధించారు. 2007లో శిక్షలు పడ్డాయి; 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఏళ్ల తరబడి సాక్ష్యానికి నిలబడడానికి సానుభూతి చాలదు, సంఘం కావాలి.

కనుక మిత్రులారా, వార్త పంపండి. పంపినవారంతా ఒకచోట కూర్చుని, కోర్టుకు ఎవరు వెడతారో, ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చుకోండి.