మోకరింపలేని మోకాళ్లు

పఠనభాగము: ఆదికాండము 32:22-32, హెబ్రీయులకు 11:21

సూరత్ నగరమందలి లింబాయత్ ప్రాంతమున తెలుగు మాట వినబడు వీధులు అనేకములు కలవు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ సీమలనుండి మగ్గపుపని ఎరిగిన కుటుంబములు బ్రదుకుతెరువు వెదకికొనుచు అచ్చటికి చేరి, మరమగ్గముల చప్పుడు నడుమ తరములు గడపినవి. కొన్ని సంవత్సరముల క్రిందట అచ్చటి గృహకూటమొకదానికి నన్ను పిలిచిరి. ముగింపు ప్రార్థనకు అందరును మోకరించిరి. అరువది దాటిన ఇంటి పెద్ద మాత్రము గోడకు చేరబడి నిలిచియుండెను.

పిమ్మట ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, నలభై ఏండ్లు మోకాళ్ల మీదనే ప్రార్థన చేసిన. ఇప్పుడు వంగుతలేవు. నిలబడి చేసేది ప్రార్థన అయితదా? ఏ పాపానికి దేవుడు నా మోకాళ్లు పట్టిండో!" అనెను. ఆరు నెలలనుండి ఆయన ఆలయమునకు వచ్చుట మానెననియు, ఇంటను ప్రార్థింపడనియు భార్య చెప్పెను. ఓదార్పు వచనమొకటి నా నాలుకమీదికి వచ్చినది గాని దానిని మ్రింగితిని. బాధలోనున్న మనుష్యుని ముందు వచనమును త్వరపడి వాడుట మా వృత్తిలోని దురలవాటు.

ప్రియ చదువరీ, ముందుగా మోకాలి సంగతి చూతము. తొడయెముకయు ముంగాలి యెముకయు కలియుచోట రెండింటి కొనలకును నున్నని మృదులాస్థి పొర కలదు. దానిలో రక్తనాళములు లేవు. కీలులో గ్రుడ్డుతెల్లసొనవలె జిగటగానుండు ద్రవమే దానికి ముఖ్యాహారము. అడుగు మోపినప్పుడు ఆ పొర నొక్కబడును. అడుగు ఎత్తినప్పుడు తేరుకొని ద్రవమును పీల్చుకొనును. కావున కదలిక మానిన కీలు పస్తున్న కీలే. కొలొస్సయులకు వ్రాయుచు పౌలు, శరీరము కీళ్లద్వారా పోషణ పొందుచున్నదనెను. అచ్చట ఆయన వాడిన 'హఫే' అను గ్రీకు మాటకు మూలార్థము స్పర్శ, తగులుట. అపొస్తలుడు వైద్యశాస్త్రము బోధించెనని నేననను. అయినను ఆ మాటను తెనిగించునప్పుడెల్ల నాకు ఆశ్చర్యమే.

వయస్సు, పూర్వపు దెబ్బ, అధిక బరువు, ఏండ్లతరబడి మోకాళ్లమీద పడిన శ్రమ, ఇవన్నియు కలిసి ఆ పొరను అరగదీయును. మా పెద్దాయన మగ్గముల మధ్య దినమునకు పండ్రెండేసి గంటలు నిలిచి, తెగిన పోగులను అతుకుచు జీవించినవాడు. ఉదయమున కొద్ది నిమిషములు బిగిసి, నడువగా సడలి, మెట్లు దిగునప్పుడు నొచ్చుట ఈ అరుగుదలకు గురుతు. చేతివ్రేళ్ల చిన్న కీళ్లు రెండు ప్రక్కల వాచి, గంటకు మించి బిగిసియుండినచో అది వేరొక వాతము. దేహరక్షణశక్తియే తన కీళ్లమీద తిరుగబడుటవలన కలుగును. కాలి బొటనవ్రేలు హఠాత్తుగా ఎఱ్ఱబారి మండినచో యూరిక్ ఆమ్లపు స్ఫటికములు కారణము కావచ్చును. జ్వరముతో కూడ కీలు వాచి వేడెక్కినచో ఆ దినమే వైద్యుని చూడవలెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ఆ ప్రశ్ననే ప్రభువు త్రోసివేసెను గదా.

ఇక యాకోబు. యబ్బోకు రేవున రాత్రియంతయు పెనుగులాడినవాని తొడకీలు తప్పినది. హెబ్రీ మూలమున ఆ చోటికి 'కఫ్', అనగా అరచేయి, అను మాట కలదు. మన తెలుగున 'తొడగూడు' అందురు. బంతివంటి తొడయెముక తల ఒదిగియుండు గిన్నెకు గూడను పేరే నాకు ఎక్కువ ఇష్టము. ఆ కుంటినడకతోనే ఆయన సూర్యోదయమున బయలుదేరెను. ఆశీర్వాదము పొందినదియు ఆ స్థలముననే. ఆ కీలు తిరిగి బాగుపడినట్లు గ్రంథము చెప్పదు.

వృద్ధాప్యమున ఆయన ఆరాధించిన విధమును గూర్చి ఒక వింత కలదు. ఆదికాండము 47వ అధ్యాయాంతమున హెబ్రీ పాఠము మంచపు తలాపి అనుచున్నది. హెబ్రీ పత్రిక చేతికఱ్ఱ అనుచున్నది. 'మిట్టా' మంచము, 'మట్టే' కఱ్ఱ. అచ్చుల గురుతులు లేని పూర్వపు వ్రాతలో రెండును ఒక్కటే. గ్రీకు అనువాదకులు కఱ్ఱ అని చదివిరి, పత్రికకర్త వారిని అనుసరించెను. గుజరాతీలోనికి బైబిలును తెచ్చిన స్కిన్నర్, ఫైవీ అను లండన్ మిషనరీ సొసైటీవారు 1815లో పని మొదలిడినది ఈ సూరత్‌లోనే. ఆ మాటవద్ద వారును ఆగియుందురని తలంచితిని.

ఈ సంగతి పెద్దాయనకు వివరించితిని. తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామము వైద్యునివద్ద నేర్చుకొమ్మనియు, నడక మానవద్దనియు చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే మంచమన్నా కట్టె అన్నా ఒక్కటేనా?" అని అడిగెను. మా యిద్దరికిని నవ్వు వచ్చినది.

ఆయన నులకమంచపు అంచున కూర్చుండి, పట్టెమీద చేయి ఆనించి, కన్నులు మూసికొనెను. తన మోకాళ్లను గూర్చి ఒక్క మాటయైనను పలుకలేదు. ఆ రాత్రి మగ్గములయొద్ద నిలువబోవు పిల్లల పేరులు ఒక్కొక్కటిగా చెప్పుచు చాలసేపు ప్రార్థించెను.