చమురు అక్కర్లేని యుద్ధం

కిందటేడు మా కాలేజీ హాస్టల్లో ఒక విద్యార్థి కంప్యూటర్ మీద యుద్ధం చేస్తూ కనిపించాడు. రెండో ప్రపంచయుద్ధమట. అతను నడిపే జర్మన్ ట్యాంకులు ఉక్రెయిన్ మైదానాలు దాటి కాకసస్ పర్వతాల దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయినాయి. "వీటికి పెట్రోలు ఎవరు పోశారయ్యా?" అని అడిగాను. "ఈ ఆటలో పెట్రోలు లెక్క లేదు మేష్టారూ. ఉంటే విసుగు కదండీ" అన్నాడతను.

ఆ జవాబు నా మనసులో చాలా రోజులు మెదిలింది. ఎందుకంటే 1942 వేసవిలో జర్మన్ సైన్యం కాకసస్ కేసి నడిచిందే చమురు కోసం. మైకోప్, గ్రోజ్నీ, బాకూ చమురుబావులు హిట్లరుకు కావాలి. ఆగస్టులో మైకోప్ అతనికి చిక్కింది గాని, సోవియట్లు వెనక్కు తగ్గుతూ బావుల్ని పాడుచేసి పోయినందువల్ల చెప్పుకోదగ్గ చమురు దక్కలేదు. గ్రోజ్నీ, బాకూ అందనే లేదు. చమురు కోసం జరిగిన దండయాత్రను చూపే ఆటలో చమురు ప్రసక్తే లేదు! దీన్ని చిన్న లోపమని సరిపెట్టుకోవచ్చునా?

యుద్ధాన్ని అనుకరించే ఆటల్లో నేలమీద నడిచే బండ్లకు ఇంధనం ఖర్చు కావాలా వద్దా అన్న తగువు ఆడేవారి మధ్య ఉన్నదే. కావాలనేవారు వాస్తవికత పేరు చెబుతారు. వద్దనేవారు వినోదం పేరు చెబుతారు. ఇరుపక్షాలవారూ దీన్ని రుచికి సంబంధించిన విషయంగానే చూస్తున్నారు. నా దృష్టిలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఒక విషయాన్ని చిత్రించేవాడు దేన్ని వదిలెయ్యవచ్చు? దేన్ని వదిలేస్తే అతని చిత్రణ అబద్ధమవుతుంది? సాహిత్యం చదివేవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

కొంత వదిలెయ్యకుండా ఏ చిత్రణా సాధ్యం కాదు. నవలలో నాయకుడు తిన్న ప్రతి భోజనాన్నీ వర్ణించనవసరం లేదు. కాని కరువును గురించిన నవలలో ఒక్కడికీ ఆకలి వెయ్యకపోతే అది కరువు నవల కానేరదు. వ్యాసుడు కూడా ఉద్యోగపర్వంలో యుద్ధానికి ముందు పాండవుల శిబిరాన్ని వర్ణిస్తూ శిల్పుల్నీ, వైద్యుల్నీ, గుట్టలుగా పోసిన తేనె, నెయ్యి, గడ్డినీ పేర్కొన్నాడు. గడ్డిమోపుల్ని గురించి రాస్తే వీరరసానికి భంగమని ఆయన భయపడలేదు.

కనక ముందుగా చూడవలసింది ఆటలో గడిచే కాలం. అమెరికా ఏబ్రమ్స్ ట్యాంకులో సుమారు 1,900 లీటర్ల ఇంధనం పడుతుంది. పావుగంటలో ముగిసే పోరాటంలో అది అయిపోయే ప్రశ్నే లేదు. అక్కడ ఇంధనం లెక్క చూపకపోయినా అబద్ధమాడినట్టు కాదు. ఆట రోజుల్నీ నెలల్నీ చూపినప్పుడు సంగతి వేరు. 1944 ఆగస్టు చివర ప్యాటన్ సైన్యం ఫ్రాన్సులో ఆగిపోవటానికి ప్రధాన కారణం పెట్రోలు అందకపోవటం. అదే ఏడు డిసెంబరులో బెల్జియంలోని లా గ్లేజ్ గ్రామంలో చిక్కుకున్న పైపర్ దళం ఇంధనం లేక ట్యాంకుల్నీ లారీల్నీ అక్కడే వదిలేసి, రాత్రివేళ కాలినడకన పారిపోయింది. 2022లో కీవ్ నగరానికి ఉత్తరాన రష్యన్ బండ్ల బారు మైళ్ళ పొడుగున నిలిచిపోయినప్పుడు ఇంధనం కొరత కూడా ఒక కారణమైంది. ఇలాంటి రోజుల్ని చూపుతూ పెట్రోలును తీసేస్తే మిగిలేదేమిటి? సేనాని ప్రతిభ, సైనికుని తెగువ. యుద్ధాలన్నీ మహావీరుల సంకల్పబలం వల్ల జరుగుతాయనే పాత కథే మిగులుతుంది. హిట్లరు తన సేనానులకు బోధించింది కూడా ఈ సంకల్పబలాన్నే.

ఇంధనంతోపాటు మాయమయేది మరొకటి ఉంది. అది శ్రమ. ఫ్రాన్సులో అమెరికన్ సైన్యాలకు పెట్రోలూ మందుగుండూ చేరవెయ్యటానికి 1944 ఆగస్టు 25న రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ అనే లారీల వరస మొదలై నవంబరు 16 దాకా రాత్రింబగళ్ళు నడిచింది. ఆ డ్రైవర్లలో దాదాపు ముప్పాతికమంది నల్లజాతివారు. అప్పటి అమెరికన్ సైన్యం నల్లవారిని వేరే దళాల్లో ఉంచి, ఎక్కువమందికి మోతపనులే అప్పగించేది. ట్యాంకుకు పెట్రోలు అక్కర్లేదన్నప్పుడు ఈ డ్రైవరు కూడా అక్కర్లేనివాడవుతాడు.

దీనిమీద ఒక ఆక్షేపణ ఉంది. వివరాలు పోగుచేసినంత మాత్రాన వాస్తవికత రాదంటారు. నిజమే. 1979లో రిచర్డ్ బెర్గ్ ఉత్తరాఫ్రికా యుద్ధం మీద పటంపైన బిళ్ళలతో ఆడే ఆట ఒకటి తయారుచేశాడు. అందులో పెట్రోలు డబ్బాల్లోనే కొంత ఆవిరైపోతుంది. బ్రిటిష్‌వారి డబ్బాలు నాసిరకంవి గనక వారిది మరికొంత ఎక్కువ పోతుంది. ఇటాలియన్ సైనికులకు పాస్తా ఉడకబెట్టుకోటానికి అదనంగా నీళ్ళివ్వాలి. ఈ పాస్తా నియమాన్ని తాను పరిహాసానికి పెట్టానని బెర్గే తరవాత చెప్పాడు. ఆ ఆటను చివరిదాకా ఆడినవారు బహు అరుదు. ప్రతి చుక్కా లెక్కపెట్టటం సహజవాదం. ఏ లెక్క మనిషి నిర్ణయాన్ని మారుస్తుందో దాన్ని పట్టుకోవటం వాస్తవికత. హార్ట్స్ ఆఫ్ ఐరన్ నాలుగో ఆట 2016లో వచ్చినప్పుడు ట్యాంకు తయారుచెయ్యటానికి చమురు కావాలి గాని నడపటానికి అక్కర్లేదు. 2019లో ఆ తప్పు దిద్దారు. దానితో ఆడేవాడు ఇవాళ ముందుకు వెళ్ళాలా, నిలవ కూడేదాకా ఆగాలా అని ఆలోచించక తప్పని స్థితి వచ్చింది. నేను కోరేది ఈ పాటి లెక్కే.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. ఇంధనం లెక్క నేర్పితే యుద్ధాన్ని ద్వేషిస్తారా, మరింత సమర్థంగా చేస్తారా? ఆర్మా ఆటను తయారుచేసినవారి కృషిలోంచి పుట్టిన వి.బి.ఎస్. అనే శిక్షణ సాధనాన్ని అమెరికాతో సహా పలుదేశాల సైన్యాలు వాడుతున్నాయి. పెట్రోలు విలువ సైన్యాధికారులకు మనకంటే బాగా తెలుసు. ఆ జ్ఞానం వారిని శాంతికాముకుల్ని చెయ్యలేదు. నేను మొదట ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకున్నాను. ఇప్పుడు తీసుకోలేకుండా ఉన్నాను.

దీన్నిబట్టి తేలేదేమంటే, ఇంధనం ముల్లు ఒక్కటే చాలదు. ఆర్మా మూడో ఆటలో బండికి ఇంధనం ఖర్చవుతుంది. ఇంధనపు లారీ పక్కన ఆపితే కాసేపట్లో మళ్ళీ నిండుతుంది. ఆ లారీలోకి అది ఎక్కడనుంచి వచ్చింది? ఎవరి నోరు కొట్టి తెచ్చారు? రెండో ప్రపంచయుద్ధకాలంలో మన జిల్లాల్లో పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సుల వెనక కొలిమి తగిలించి బొగ్గు గ్యాసుతో నడిపారు. మన పెద్దవాళ్ళు బొగ్గు బస్సుల్ని గురించి నవ్వుతూ చెప్పేవారు. ఎడారిలో ట్యాంకు తాగిన పెట్రోలుకూ, ఇక్కడ ఎత్తు ఎక్కలేక రొప్పిన బస్సుకూ సంబంధం ఉంది. ఒక యుద్ధమే ఆ రెంటినీ ముడివేసింది. ఆ ముడి కనపడనంతకాలం ఇంధనం లెక్క మంచి సేనానుల్ని తయారుచెయ్యగలదు గాని, యుద్ధాన్ని అర్థం చేసుకున్న మనుషుల్ని తయారుచెయ్యలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. రోజుల తరబడి సాగే యుద్ధాన్ని చూపే ఆటలో బండ్లకు ఇంధనం ఖర్చు కావలసిందే. ఆ ఇంధనం ఒక చోటినుంచి, ఒక దారివెంట, ఒక మనిషి చేతిమీదుగా రావాలి. అది ఎవరికి లేకుండా పోయిందో కూడా ఆటలో ఎక్కడో ఒకచోట కనపడాలి. ఇవన్నీ పెడితే ఆట నడవదనే పక్షంలో, ఇది యుద్ధం కాదు, చదరంగం వంటి ఆట అని చెప్పుకుంటే సరిపోతుంది. చదరంగంలో ఏనుగుకు మేత ఎక్కడిదని ఎవరూ అడగరు. యుద్ధాన్ని ఉన్నదున్నట్టు చూపుతున్నామని అట్టమీద అచ్చువేసి అమ్మేవారిని మాత్రం అడగాలి.

నా విద్యార్థి విసుగన్నది ఆ మోతపననే. ఆ పనిని వేలమంది నెలల తరబడి నిద్ర లేకుండా చేశారు. ఆటలో వారి వంతు వచ్చినప్పుడు అతను కాసేపు విసుక్కుంటే నష్టమేమీ లేదని నా నమ్మకం.