చీటీ వేయుట ధర్మమేనా?

పక్షవాతమును నివారించుటకు శస్త్రచికిత్స మేలా, ఔషధములే చాలునా అను సందేహము తీర్చుటకు వైద్యులు రోగులను చీటీ వేసినట్లు రెండు వర్గములుగా విభజింతురు. మనుష్యప్రాణమును చీటీకి అప్పగించుట ధర్మమేనా?

కపాలము వెలుపలి రక్తనాళమును లోపలిదానితో కలిపిన పక్షవాతము రాదని పూర్వము పెక్కుమంది వైద్యులు నమ్మిరి. 1985లో 1377 మందిపై ముగిసిన పరీక్ష ఆ నమ్మకము సరికాదని తేల్చెను. మెడధమని మిక్కిలి పూడుకొని, వ్యాధిసూచనలు కనబడినవారి విషయము వేరు. రెండేండ్లలో ఆ ధమనివలన కలుగు పక్షవాతము ఔషధములతో నూటికి 26 మందికి, శస్త్రచికిత్సతో 9 మందికి వచ్చునని 1991లో వెల్లడియైనది.

అయితే రోగులు చాలినంతమంది చేరనిచో? సూచనలు లేనివారికై ఐరోపాలో ఆరంభించిన స్పేస్-2 పరీక్షకు మూడువేలకు పైబడి కావలసియుండగా 513 మందియే చేరిరి. పరీక్ష మధ్యలో నిలిచెను. చేరినవారి సహనమునకు పూర్తిఫలము దక్కలేదు. జీవితమంతయు లెక్కలు వ్రాసిన మేము అరకొర లెక్క విలువ ఎరుగుదుము.

వైద్యునకు నిజముగ సందేహమున్నపుడు చీటీ అధర్మము కాదని మా అభిప్రాయము. తెలియనిదానిని తెలిసినట్లు పలుకుటయే అధర్మము. కాని రోగికి సర్వము విప్పిచెప్పవలెను. నిరాకరించినవానికి చికిత్సలో లోపము చేయరాదు. నేడు మనము నిర్భయముగ పొందుచున్న చికిత్సలు ఎవరో అపరిచితులు సమ్మతించుటవలన నిగ్గుదేలినవి. ఆ ఋణమును తలచి, మన వంతు వచ్చినపుడు వినకుండగనే కాదనకుందుము గాక.