మేలు చేసినవారిని లెక్క అడగవచ్చునా?

'ఔత్సాహిక' అన్న మాట మన క్రీడారంగంలో రెండు అర్థాలలో చెలామణి అవుతున్నది. జీతం పుచ్చుకోకుండా ఆడేవాడు ఒకడు, జీతం పుచ్చుకోకుండా ఆడించేవాడు మరొకడు. ఈ రెండవ తెగవారే లేకపోతే మన పట్టణాలలో సాయంకాలపు మైదానాలు ఉండవు. తెల్లవారకముందే వచ్చి కబడ్డీ కోర్టుకు సున్నపు గీతలు గీసే వ్యాయామోపాధ్యాయుడు, బ్యాంకులో పని ముగించుకొని వచ్చి పిల్లలకు వాలీబాల్ నేర్పే గుమాస్తా, సొంత డబ్బుతో బరువులు కొని పెట్టి తాలింఖానా నడిపే పాత వస్తాదు, వీరందరికీ మన సమాజం ఋణపడి ఉన్నది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు దేశమంతా మల్లయోధుడుగా కీర్తి గడించకముందు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పినవాడే. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి శిక్షణ ప్రారంభమైనది శ్రీకాకుళం జిల్లాలోని చిన్న ఊరిలోనే.

ఇటువంటి ఋణం ఒక చిక్కును కూడా తెచ్చిపెడుతుంది. రుసుము చెల్లించినచోట ప్రశ్నించే హక్కు ఉన్నదనుకుంటాము. ఉచితంగా మేలు పొందినచోట నోరు మెదపడానికి మొగమాటపడతాము. పదకొండేళ్ల పిల్ల ఒకరోజు "నేను ఇక మైదానానికి వెళ్లను" అంటుంది. కారణం చెప్పదు, లేదా సగం చెప్పి ఆగిపోతుంది. ఇంట్లో వచ్చే జవాబు మనకందరికీ తెలిసినదే: "పైసా పుచ్చుకోకుండా నేర్పుతున్న సారు మీదనే చాడీలు చెబుతావా?" మేలు పొందినది కుటుంబం, గౌరవం పొందినది ఊరు. ఆ ఋణం తీర్చవలసిన భారం మాత్రం పదకొండేళ్ల పిల్ల మీద పడినది. కృతజ్ఞత గొప్ప గుణమే. అయితే ఒకరి కృతజ్ఞతను వేరొకరి చేత, అందులోనూ ఎదురు చెప్పలేనివారి చేత, చెల్లింపజేయడం ధర్మమా అన్నది ఇక్కడి ప్రశ్న.

మేలు చేసినవారిని లెక్క అడగడం మన సంప్రదాయం కాదని కొందరంటారు. చరిత్ర అలా చెప్పదు. ద్రాక్షారామం మొదలైన దేవాలయాల శాసనాలు చూడండి. అఖండదీపానికి పశువులను దానం చేసిన భక్తుని పుణ్యాన్ని కీర్తించి శాసనం అక్కడితో ఊరుకోదు. ఆ పశువులను ఎవరి వశం చేశారో, వారు దీపానికి రోజుకు ఎంత నెయ్యి పోయవలెనో కొలత వేసి, సాక్షిగా రాతిమీద చెక్కించేవారు. దాత భక్తిని ఎవరూ శంకించలేదు, పశువులు తీసుకున్నవారిని దొంగలనీ అనలేదు. దీపం ఆరిపోకూడదన్నదే అక్కడి పట్టుదల. నేటి ప్రభుత్వ ఖజానాలలో డబుల్ లాక్ పద్ధతి కూడా అటువంటిదే. బలమైన గదికి రెండు తాళాలు వేసి, ఒక తాళంచెవి అధికారి వద్ద, రెండవది నగదు చూసే ఉద్యోగి వద్ద ఉంచుతారు. ఇద్దరూ కలిసి వస్తేగాని తలుపు తెరుచుకోదు. ఆ కుర్చీలో కూర్చున్న ఏ అధికారీ ఈ రెండవ తాళాన్ని తనకు జరిగిన అవమానంగా భావించడు. డబ్బు విషయంలో ఇంత సహజంగా తోచిన సంగతి పిల్లల విషయంలో మాత్రం ఎందుకో మనకు నొచ్చుకొనే సంగతిగా తోస్తున్నది.

దీనికి కారణం గురువు పట్ల మనకున్న భావనలో ఉన్నదని నా అభిప్రాయం. దేశంలో ఉత్తమ శిక్షకులకు 1985 నుంచి ఇస్తున్న పురస్కారానికి ద్రోణాచార్యుని పేరు పెట్టారు. పెట్టినవారి ఉద్దేశం మంచిదే, సందేహం లేదు. కాని ద్రోణుని పేరు వినగానే జ్ఞాపకం వచ్చే రెండవ పేరు ఏకలవ్యునిది. ఆదిపర్వంలోని ఆ కథను కులవివక్షకు నిదర్శనంగా చదివినవారున్నారు, గురుభక్తికి పరాకాష్ఠగా చదివినవారున్నారు. మొదటి పఠనంలో చాలా నిజం ఉన్నది. నేను గుర్తు చేయదలచినది మరొక అంశం. బొటనవేలు ఇమ్మని అడిగినప్పుడు ఏకలవ్యుడు వెనుకాడలేదు, ఏడవలేదు, సంతోషంగానే ఇచ్చాడు. ఆ సంతోషం వల్ల అడిగినది న్యాయమైపోయిందా? శిష్యుని ఇష్టమే సమస్తానికీ ప్రమాణమైతే ఆ కథలో తప్పు చేసినవారే లేరు. రెండు వేల ఏళ్లుగా ఆ కథ విన్నవారి మనస్సు ఎక్కడో కలుక్కుమంటూనే ఉన్నదంటే, శిష్యుని అంగీకారం గురువును బాధ్యత నుంచి తప్పించదని మనవారికి తెలియక కాదు.

ఆ ప్రశ్నే 2006లో ఒడిశాలో పత్రికలకు ఎక్కింది. భువనేశ్వర్ మురికివాడకు చెందిన బుధియా సింగ్ అనే నాలుగేళ్ల బాలుడు ఆ సంవత్సరం మే నెలలో పూరీ నుంచి భువనేశ్వర్ వరకు సుమారు 65 కిలోమీటర్లు ఏడు గంటలలో పరుగెత్తాడు. అతనిని చేరదీసి అన్నం పెట్టినవాడు స్థానిక జూడో శిక్షకుడు. జనం నీరాజనాలు పట్టారు. శిశుసంక్షేమ శాఖ జోక్యం చేసుకొని వైద్యపరీక్షలు చేయించి, ఇక అటువంటి పరుగులు వద్దని నిషేధించింది. "మురికివాడలో ఆకలితో పడి ఉన్నప్పుడు రాని ప్రభుత్వం ఇప్పుడెందుకు వచ్చింది?" అని శిక్షకుని పక్షంవారు అడిగారు. ఆ ప్రశ్నలో పస ఉన్నది. సర్కారు రక్షణ ఆలస్యంగా, అదీ వార్తలలోకి ఎక్కిన తరువాతనే రావడం మన పరిపాలనకున్న పాత జబ్బు. అయినప్పటికీ, ఆకలి తీర్చిన చేయి ఆ దేహాన్ని ఎంత దూరమైనా పరుగెత్తించవచ్చునన్న వాదం నిలవదు. బాలునికి పరుగు ఇష్టమేనన్నారు, కావచ్చు. నాలుగేళ్లవానికి మిఠాయి కూడా ఇష్టమే, ఎంత తినవలెనో పెద్దలు చెప్పవలసిందే.

ఇంతవరకు చెప్పినది అత్యుత్సాహం గురించి. అంతకన్న చీకటి సంగతి ఒకటి ఉన్నది. 1990 ఆగస్టులో హర్యానాలోని పంచకులలో టెన్నిస్ నేర్చుకొంటున్న 14 ఏళ్ల బాలిక, రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడు తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఫిర్యాదు చేసింది. ఆయన పోలీసు శాఖలో ఉన్నతాధికారి కూడా. ఆ తరువాత బాలికను పాఠశాల నుంచి తొలగించారు. 1993 డిసెంబరులో ఆమె ఆత్మహత్య చేసుకొన్నది. నిందితుడు దోషి అని న్యాయస్థానం తేల్చినది 2009 డిసెంబరులో, అంటే సంఘటన జరిగిన 19 సంవత్సరాలకు. శిక్ష ఆరు నెలలు. పై కోర్టు దానిని 18 నెలలు చేసింది. 2016లో సుప్రీంకోర్టు దోషనిర్ధారణను ఖాయం చేస్తూనే, అనుభవించిన శిక్ష చాలునన్నది. ఇన్నేళ్లూ ఆ వ్యాజ్యాన్ని మోసినవారు ఆనాడు ప్రత్యక్షసాక్షి అయిన స్నేహితురాలు, ఆమె తల్లిదండ్రులు. క్రీడాసంఘం కాదు, పాఠశాల కాదు, వ్యవస్థ ఏదీ కాదు.

ఇది మన దేశానికే ప్రత్యేకమనుకోవడం పొరపాటు. బ్రిటన్‌లో ఒలింపిక్ ఈత జట్టుకు శిక్షకుడుగా ఉన్న వ్యక్తికి 1995లో దీర్ఘకాల కారాగారశిక్ష పడిన తరువాతనే అక్కడి క్రీడాలోకం ఉలిక్కిపడింది. క్రీడలలో బాలల రక్షణ కోసం ప్రత్యేక విభాగం 2001లో ఏర్పడింది. కాగా, 16, 17 ఏళ్లవారితో లైంగిక సంబంధాన్ని ఉపాధ్యాయునికి నేరంగా చేసిన చట్టాన్ని ఇంగ్లండు, వేల్సులలో క్రీడాశిక్షకునికి విస్తరింపజేయడానికి 2022 వరకు పట్టింది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుని మీద 2018 జనవరిలో న్యాయస్థానంలో 150 మందికి పైగా బాధితులు నిలబడి చెప్పారు. వారిలో కొందరు పసివారుగా ఉన్నప్పుడు వారి తల్లులు అదే గదిలో ఉండగానే ఆ అకృత్యాలు జరిగాయి. వైద్యుని మీది నమ్మకం తల్లి కళ్లనే కప్పివేసింది.

మన చట్టాలు ఇప్పుడు బలహీనమైనవేమీ కావు. 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న బాలల లైంగిక రక్షణ చట్టం, వాడుకలో పోక్సో, ప్రకారం నేరం జరిగినదని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. తెలియజేయకపోతే శిక్ష ఉన్నది. సంస్థ బాధ్యుడు తన కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు. పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి రాజీ చేయడం మంచితనం కాదు, అది నేరమని ఎన్ని క్రీడాసంఘాల కార్యదర్శులకు తెలుసు? 2013 నాటి మహిళల లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, క్రీడాశిక్షణ సంస్థనూ పనిస్థలంగా స్పష్టంగా పేర్కొన్నది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం దృష్టి ప్రధానంగా జాతీయ సమాఖ్యల మీద ఉన్నది. ఊరి చివర మర్రిచెట్టు కింది ఖోఖో సంఘం దాకా ఆ వెలుగు ఎప్పుడు వస్తుందో చూడవలసి ఉన్నది. మరొక విచిత్రం: విద్యాహక్కు చట్టం 2009 తరగతి గదిలో బెత్తాన్ని నిషేధించింది. అదే పిల్లవాడు సాయంత్రం క్లబ్బు మైదానంలో అడుగు పెడితే ఆ నిషేధం గేటు దగ్గరే ఆగిపోతుంది. బాలల న్యాయ చట్టం 2015లో క్రూరత్వానికి శిక్ష ఉన్నమాట నిజమే గాని, రెండు చెంపదెబ్బలను మన మైదానాలలో క్రూరత్వమని ఎవరనుకుంటారు? "దెబ్బ పడితేనే పతకం" అన్న నమ్మకం అంత లోతుగా పాతుకొన్నది.

సంఘాల నమోదు గురించి ఒక మాట. ఏడుగురు సభ్యులు కలిసి నియమావళి దాఖలు చేస్తే సంఘం నమోదవుతుంది. ఆ నియమావళిలో కోశాధికారి విధులు, లెక్కల తనిఖీ, సర్వసభ్య సమావేశపు కోరం అన్నీ ఉంటాయి. పిల్లవాడు ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవలెనన్న వాక్యం ఉండదు. చెప్పుకోవలసినవాడు శిక్షకుడే, అతడే కార్యదర్శి, చాలాచోట్ల సంఘమంతా అతడే.

ఒక ఆక్షేపణకు మాత్రం న్యాయంగా సమాధానం చెప్పవలసి ఉన్నది. ఇంత అనుమానం పెంచితే వాత్సల్యం చచ్చిపోతుంది, ఉచితసేవకు ఎవరు వస్తారు అన్నది ఆ ఆక్షేపణ. ఈతలోనూ కుస్తీలోనూ జిమ్నాస్టిక్స్‌లోనూ దేహాన్ని తాకకుండా నేర్పడం సాధ్యం కాదు. ఎక్కడ పట్టుకోబోతున్నాడో ముందు చెప్పి, నలుగురూ చూస్తుండగా పట్టుకొన్నంత మాత్రాన వాత్సల్యానికి వచ్చిన లోటేమున్నది? పిల్లవాడితో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకపోవడం, పోటీలకు పరాయి ఊరు వెళ్లినప్పుడు పెద్దలు ఇద్దరు తోడుండడం, వారిలో ఒకరు స్త్రీ కావడం, పిల్లలు పడుకొనే హాలులో పెద్దలు పడుకోకపోవడం, 1098 అనే నెంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉండడం వంటివి మంచి శిక్షకుని కూడా కాపాడతాయి. లేనిపోని అపనిందకు మొదట బలి అయ్యేది కూడా అతడే కదా. ఇన్ని చెప్పినా, నిజంగా నొచ్చుకొని మానుకొనేవారు కొందరుంటారు. ఆ నష్టం ఉన్నదని ఒప్పుకోవలసిందే. దానిని భరించవచ్చునని నా భావన. రెండవ తాళానికి ఒప్పుకోనివానికి ఖజానా అప్పగించము కదా.

వయసు వచ్చినా తమను తాము కాపాడుకోలేనివారి సంగతి ఇంకా క్లిష్టమైనది. బుద్ధిమాంద్యం గల యువతీయువకుల విషయంలో రక్షణ పేరుతో మనం చేసేది తరచు వారిని ఇంట్లో కట్టివేయడమే. వరంగల్ ప్రాంతంలోని కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తిని అలా ఇంట్లో ఉంచివేసి ఉంటే, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం వచ్చేది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వారిని హింస నుంచి, దోపిడీ నుంచి కాపాడవలెనని ఒక సెక్షనులో చెప్పి, ఆడుకొనే హక్కును మరొక సెక్షనులో చెప్పింది. రెండూ ఒకేచోట అమలు చేయవలసినవాడు మైదానంలోని శిక్షకుడు. శిబిరం ముగిసిన తరువాత మనం నివేదిక అడిగేది ఆయననే. ఎక్కువలో ఎక్కువ, తీసుకువెళ్లడానికి వచ్చిన తల్లిని "బాగా చూసుకున్నారామ్మా?" అని అడుగుతాము. ఆ పక్కనే సంచి పట్టుకొని నిలబడి ఉన్న పాతికేళ్ల ఆటగత్తెను, తల్లినీ శిక్షకుణ్ణీ కాస్త దూరంగా ఉంచి, ఆమెకు అర్థమయ్యే మాటలలో, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టి అడిగినవారు లేరు.