చేని కావలికి రివాల్వరు తగునా?

పంటను కాపాడుకొనుట రైతు ధర్మము. ప్రాణము తీయకుండుట శరణుల ధర్మము. ఈ రెండును ఒకే గట్టు మీద ఎదురుపడినప్పుడు గృహస్థుడు దేనిని ఆశ్రయింపవలెను? సంగారెడ్డి మొదలు జహీరాబాదు వరకు చెఱకు, మొక్కజొన్న, కంది వేయు కుటుంబములకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. అడవిపందుల గుంపు ఒక రాత్రి చేనిలో దిగినచో నెలల కష్టము తెల్లవారుసరికి నేలపాలగును. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో రాత్రి డ్యూటీ ముగించుకొని చేనికి పోవు యువకులు కొందఱు, "నడుమున ఒక చిన్న రివాల్వరు ఉన్నచో పాముకైనను, పందికైనను, దొంగకైనను పనికివచ్చును గదా" యని తలంచుట సహజమే. ఆ తలంపును కసరి కొట్టివేయక, నెమ్మదిగా విచారింతము.

మొదట ఆయుధము సంగతి. అమెరికా దేశపు పశువుల క్షేత్రములలో చిన్న రివాల్వరును పనిముట్టువలె వెంట నుంచుకొనువారు కలరు. .22 రివాల్వరులో సన్నని గుండ్లతో నిండిన తూటా వేసి పామును కొట్టుదురు. .357 రివాల్వరులో .38 స్పెషల్ తూటా కూడ పనిచేయును గనుక ఒకే ఆయుధము రెండు పనులకు వచ్చునందురు. మన దేశమున కాన్పూరు ఆయుధ కర్మాగారము 2014లో 'నిర్భీక్' అను తేలికపాటి .32 రివాల్వరును స్త్రీల ఆత్మరక్షణకని వెలువరించినది. చిన్నది, తేలికైనది, సదా చేతికందునది యగుటయే దాని గుణము. కాని పొట్టి గొట్టము గల ఆయుధముతో చీకటిలో, పరుగిడు పందిని గుఱి చూచి కొట్టుట నేర్పరికిని కష్టము. గుఱి తప్పినచో గాయపడిన పంది చెఱకు తోటలో దాగి, మఱునాడు కలుపు తీయవచ్చిన ఆడకూలీ పాలిటి మృత్యువగును.

చట్టమును ఈ భేదము నెఱిగియే యున్నది. 1959 నాటి ఆయుధ చట్టము పంట రక్షణకై పేర్కొనినది మూతి నుండి మందు కూరెడు నాటు తుపాకిని. అది చాలదని లైసెన్సు అధికారికి నమ్మకము కలిగినచో, నునుపు గొట్టము గల వేఱొక తుపాకికి అనుమతి నీయవచ్చును. రివాల్వరు ఆ వరుసలో లేదు. తుపాకి యున్నంత మాత్రమున పందిని చంపుటకు హక్కు వచ్చినట్లును కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, పైరుకు ముప్పు తెచ్చిన జంతువును వేటాడుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణములు తెలిపి వ్రాతమూలకముగా ఆజ్ఞ యీయవలెను. మీదపడిన మృగమును ప్రాణరక్షణకై సద్బుద్ధితో చంపినచో అది నేరము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఆపదకును ఆగ్రహమునకును నడుమ గీత గీయుటయే దాని ఉద్దేశము.

మన ప్రాంతమున మఱొక చిక్కు కలదు. ఇచ్చట చేను ఎక్కడ ముగియునో, షెడ్డు ఎక్కడ మొదలగునో తెలియదు. గోడ కావల ఒడిశా, బీహారుల నుండి వచ్చిన కార్మికులు ఇరుకు గదులలో నిద్రించుచుందురు. మిగుల చిన్నదైన .22 తూటా సైతము కిలోమీటరునకు మించి పోగలదు. ఎలుకపై పేల్చినది ఎవరి వాకిట ఆగునో పేల్చినవానికి తెలియదు.

అట్లని, "అహింస పాటింపుము, పంట పోనిమ్ము" అని రైతునకు బోధించుట ధర్మమగునా? కాదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి చెప్పెడు అహింస దయ కాదు. పంట కాయకఫలము. దాసోహమునకు పోయెడి గింజ అందులోనిదే. దానిని కాపాడుకొనుట ఆ రైతునకు విధి. విచారింపవలసినది కాపాడు విధానమును గూర్చియే. రాజేంద్రనగరము శాస్త్రజ్ఞులు మొక్కజొన్న చుట్టును నాలుగు వరుసల ఆముదము, వేరుసెనగ చుట్టును ముండ్ల కుసుమ వేయుమని చెప్పుచున్నారు. సౌర కంచె పందిని అదరగొట్టి పంపును గాని చంపదు. కరెంటు తీగను నేరుగా పొలము చుట్టును కట్టుట మాత్రము ఘోరము. పందికని పన్నిన ఆ తీగకు పొరుగు రైతు బలియైన ఉదంతములు మన రాష్ట్రమున ఎన్నియో. పామునకు మందు టార్చిలైటు, మడమ దాటిన బూట్లు, చేతికఱ్ఱ. ఎలుకలను తినునదియు ఆ పామే యని మఱువరాదు. ఇన్నింటికిని లొంగక పందుల బెడద మీఱినచో, ఊరివారందఱు కూడి అర్జీ పెట్టి, అనుమతి గల గుఱికాండ్రచే ఆ పని చేయింపవచ్చును. అది దుఃఖముతో చేయు పని కావలెను గాని వినోదము కారాదు.

కిరాతార్జునీయ గాథ నెఱుగనివారు లేరు. ఒక్క పందిపై శివుని బాణము, అర్జునుని బాణము ఒకేమాఱు నాటినవి. పంది పడెను, ఆపద తీఱెను. కాని "నా బాణమే కొట్టినది" అను తగవు మిగిలెను. సాక్షాత్తు శివుడు ఎదుట నిలిచినను, విల్లు చేతనున్నంతవఱకు అర్జునుడు గుర్తింపలేదు. ఆయుధము పందిని చంపుటతో ఆగదు. పట్టినవానిలో గర్వమును మేల్కొల్పును. నడుమున రివాల్వరు ఉన్నవానికి గట్టు తగాదా గట్టు తగాదాగా కనబడదు. అప్పులు పెరిగి మనసు చెదరిన రాత్రి, ఆ ఆయుధము ఇంటివారిపైననో తనపైననో తిరుగవచ్చును. పందికి రక్షణగా తెచ్చినదానికి ఇల్లాలు భయపడవలసి వచ్చినచో అది రక్షణ యెట్లగును?

ఆయుధమే పాపమని నా వాదము కాదు. మన జిల్లాలోని ఎద్దుమైలారమున సైన్యమునకు యుద్ధశకటములు తయారగుచున్నవి. అచ్చట ఆయుధము వెనుక ఆజ్ఞయు, లెక్కయు, జవాబుదారియు ఉండును. నడుమున దాచిన రివాల్వరునకు మాత్రము ఆ క్షణపు మనసొక్కటే ఆజ్ఞ. 2022 డిసెంబరులో జిన్నారము మండలములోని గడ్డపోతారమున ఒక ఔషధ కర్మాగారమునందు చిరుత చొరబడెను. అటవీశాఖవారు మత్తు సూదితో దానిని లొంగదీసి పట్టుకొనిరి. చిరుత బ్రదికెను, కార్మికులును బ్రదికిరి. నేర్పును ఓర్పును ఉన్నచోట తూటా అవసరము తగ్గునని మన యెదుటనే ఋజువైనది.

కావున సోదరులారా, రివాల్వరు కొనదలచినవాడు "ఏది చిన్నది, ఏది మేలైనది" యని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ఆపద నిజముగా తూటాతో తీఱునదేనా? తూటా గుఱి తప్పినచో ఎవరికి తగులును? ఆపద లేని దినమున ఈ ఆయుధము నా మనసును ఏమి చేయును? ఈ మూడింటికి నిర్భయముగా సమాధానము చెప్పగలిగినవానికి, బహుశః ఆముదపు వరుసయు, టార్చిలైటును, పొరుగువాని తోడును చాలునని తోచును. చేనికి కావలి కాయువాడు తన కోపమునకును కావలి కాయవలెను.